తెల్లచీరకు ఒక దెయ్యం రాసిన బహిరంగ లేఖ

గంగాభాగీరథీ సమానురాలైన తెల్లచీర గారి సముఖానికి,

మా కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో పర్మనెంట్ దెయ్యం నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం. పోయినసారి ట్రైలర్లో మీ కొంగుకి అంటిన రక్తం మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

నన్ను గుర్తుపట్టే ఉంటారు. జడ నడుం దాటిన పాపానికి ప్రతిసారీ మిమ్మల్ని కట్టుకునేది నేనే. మిగతా పాత్రలకి ఆడిషన్లు పెడతారు. దెయ్యం విషయానికొచ్చేసరికి మా డైరెక్టర్ క్లాసులోకి తొంగిచూసి, "నీకు జుట్టుంది కదా, శనివారం వచ్చెయ్" అంటాడు. అబ్బాయిలకి డైలాగులుంటాయి. "మామా, ఇక్కడేదో ఉందిరా." "అరేయ్, వెనక్కి మాత్రం చూడకురా." నా పని జుట్టు ముందుకేసుకుని నిలబడటం. ట్రైలర్ అమ్మకి పంపితే, "ఇందులో నువ్వెక్కడున్నావే?" అనడిగింది.

ఈ ఏడాది ఫెస్ట్‌కి కూడా హారర్ ట్రైలరే అని తీర్మానమైంది. సినిమా కాదు, ట్రైలర్. సినిమా ఎప్పుడన్నా అని అడిగిన జూనియర్‌ని అందరం జాలిగా చూశాం. క్యాంటీన్లో ప్లానింగ్ మీటింగ్ మొదలయ్యేసరికే "యథార్థ సంఘటనల ఆధారంగా" అనే కార్డు తయారైపోయింది, అక్షరాల్లోంచి రక్తం కారుతూ సహా. ఏమిట్రా ఆ సంఘటన అంటే, ఒకరోజు హాస్టల్లో కరెంటు పోయినప్పుడు బాత్రూములోంచి ఏడుపు వినబడిందట. ఏడ్చిందెవరో మాకందరికీ తెలుసు. ఆ రోజే మ్యాథ్స్ రిజల్ట్స్ వచ్చాయి.

తర్వాత షాట్ల పట్టిక. కారిడారు, చివర్లో తెల్లచీర. మెట్లు, పైన తెల్లచీర. అద్దం, వెనకాల తెల్లచీర. వాటర్ ట్యాంకు, పక్కన తెల్లచీర. మధ్యమధ్యలో మనుషులు కూడా కొందరున్నారు. ఆఖర్న "కమింగ్ సూన్". ఏం కమింగో ఎవరూ అడగలేదు.

అసలు మీరు దొరకడమే కష్టం, తెలుసా అండీ? పోయినసారి లేడీస్ హాస్టల్ మొత్తం గాలించినా అచ్చమైన తెల్లచీర ఒక్కటి దొరకలేదు. ఎలా ఉంటుంది? ఏ తల్లి పెళ్ళికాని కూతురికి తెల్లచీర సర్ది పంపుతుంది? చివరికి దొరికింది, ట్రెడిషనల్ డే కోసం మా రూమ్మేట్ కొనుక్కున్న కేరళ చీర. అంచున బెత్తెడు బంగారు జరీ. అది కట్టుకుని మెట్ల మీద నిలబడితే, పగబట్టిన ఆత్మ ఓణం పండక్కి బయల్దేరినట్టుంది. "ఎడిటింగ్‌లో తీసేద్దాం" అన్నారు. మా క్లబ్బులో ఎడిటింగ్‌లో తీసేద్దాం అంటే ఉంచేద్దాం అని.

పోనీ కెమెరాలో బావుంటారా అంటే, క్షమించాలి, అదీ లేదు. మా కెమెరామన్ సెట్టింగులన్నీ ఆటోమేటిక్‌లో పెట్టి తీస్తాడు. ఫ్రేమంతా చీకటి, మధ్యలో చిన్నగా మీరు. ఆ పెట్టెకి దెయ్యాల సంగతి ఏం తెలుసు? దేన్ని చూపించినా సగటు బూడిదరంగు వెలుతురుకి తేవాలని చూస్తుంది. చీకటిని లాగి లాగి వెలుగు చేస్తుంది. చీకటి నిండా నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, పాకుతుంది. మీరేమో కుచ్చిళ్ళూ మడతలూ మాయమై ఒట్టి తెల్లమచ్చగా మిగులుతారు. పని తెలిసిన కాస్ట్యూమర్లు తెల్లబట్టని టీ డికాక్షన్లో ముంచి, కాస్త మాసిన రంగు తెప్పించాకే కెమెరా ముందుకి పంపుతారు. ఆ మాట మీటింగులో చెప్పాను. "మన క్యాంటీన్ టీలో ముంచితే రంగేం మారుతుందే, అవి వేణ్ణీళ్ళేగా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ట్యూబ్‌లైట్ల గొడవ ఇంకొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని లెక్కనే ట్యూబ్‌లైట్లు కంటికి తెలియకుండా మిణుకుతుంటాయి. కాబట్టి కెమెరా షట్టర్ స్పీడు సెకనులో 1/50 వంతులోనో 1/100 వంతులోనో పెడితే వెలుతురు నిలకడగా పడుతుంది. మావాడు ఇంకేదో అంకె మీద పెట్టాడు, బొమ్మ మీద నల్లటి పట్టీలు కిందికీ పైకీ పారాయి. డైరెక్టర్ చూసి, "సూపర్ రా, ఉంచెయ్, ఆత్మ ఎంట్రీ!" అన్నాడు.

రక్తం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఒంటి మీదే ఉంది. 1960లో హిచ్‌కాక్ "సైకో"లో స్నానాలగది సీనుకి చాక్లెట్ సిరప్ వాడాడు. అది బ్లాక్ అండ్ వైట్ కాబట్టి చెల్లింది. రంగుల్లో అయితే కార్న్‌ఫ్లోర్ ఉడికించి, ఎర్ర ఫుడ్ కలరూ, చిటికెడు కాఫీపొడీ కలుపుకోవాలి. కాఫీపొడి పడకపోతే రోజ్‌మిల్క్ రంగు తేలుతుంది. మా ప్రొడ్యూసర్, అంటే మా బ్యాచ్‌లో స్కూటీలో ఎప్పుడూ పెట్రోలుండే మనిషి, అంత ఖర్చెందుకు, పంచదార పాకం చాలన్నాడు. ఆ పాకం మీ మీద ఒంపి, నన్ను స్టోర్‌రూము నేల మీద శవంలా పడుకోబెట్టారు. ఒక టేకు అయ్యేసరికి చీమలొచ్చాయి. మొదట నల్లచీమలు. అవేం చెయ్యవు, పాపం, వాటి దారిన అవి పోతాయి. వెనకే ఎర్రచీమలు. శవం కదలకూడదు కదా. కాలివేళ్ళ సందుల్లో మొదలై మడమ మీదుగా పిక్కలోకి ఎక్కుతుంటే పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాను. ఆ తర్వాతి టేకులో లేచి ఒక అరుపు అరిచాను చూశారూ, ట్రైలర్ మొత్తంలో జనం ఉలిక్కిపడింది దానికే. స్టేజి మీద డైరెక్టర్ దాన్ని "పెర్ఫార్మెన్స్ రాబట్టడం" అన్నాడు.

కాలి పట్టీల సంగతి కూడా మిమ్మల్నే అడగాలి. బొట్టు తుడిచి, గాజులు పగలగొట్టి, పూలు తీయించాకే కదా మిమ్మల్ని కట్టబెట్టేది? మరి చచ్చాక వెండి పట్టీలు ఎవరు చేయించి పెట్టారండీ? అయితే ఒప్పుకోవాలి, మా ట్రైలర్లో నిజంగా పనిచేసేది ఆ చప్పుడొక్కటే. తెర మొత్తం నల్లగా పెట్టి, ఒక్క ఘల్లు. నిశ్శబ్దం. మళ్ళీ ఘల్లు, ఈసారి మన చెవి పక్కన. ఎడిటింగ్ గదిలో పట్టపగలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే నా చేతి మీద నాకే రోమాలు లేచాయి. ఆ కాసేపూ మీరు ఫ్రేములో లేరు. గమనించారా?

అసలు సంగతికొస్తాను. మా తాతమ్మ ఏళ్ళ తరబడి మిమ్మల్నే కట్టింది. ఇంట్లో పెళ్ళయితే పెరటి వరండాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసేది. మంగళసూత్రం వేళకి, ఎవరూ చెప్పకుండానే, గదిలోకెళ్ళి తలుపు చేరవేసుకునేది. మా బాబాయి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే పొరపాటున ఎదురొచ్చిందని, ఆయన లోపలికొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. ఆవిడ ఏమీ అనలేదు. పిల్లలం మాత్రం రాత్రిళ్ళు ఆవిడ పక్కలో చోటు కోసం కొట్టుకునేవాళ్ళం. మాలో ఏ ఒక్కరం మిమ్మల్ని చూసి భయపడలేదు.

వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు తొలి వితంతు వివాహం జరిపించి నానా మాటలూ పడ్డారు. ఇన్నేళ్ళ తర్వాత బీటెక్ కుర్రాళ్ళు టీ తాగుతూ, "భయంకరమైనది ఏముందిరా లోకంలో" అని బుర్ర గోక్కుంటే, మళ్ళీ మొగుడు పోయిన ఆడమనిషే తట్టింది. బతికుండగా ఎదురొస్తే అపశకునం, చచ్చి ఎదురొస్తే జంప్‌స్కేర్. మగాళ్ళు చావరా అనడిగాను. బైకు మీద పోయిన కుర్రాడెవడో జీన్స్ ప్యాంటుతో కారిడార్లో నిలబడితే చాలదా అన్నాను. "వాచ్‌మన్ అనుకుంటారు" అన్నాడు మా స్క్రీన్‌ప్లే రైటర్.

సరే, ఈసారి మీరు లేకుండా ఎలా తీయొచ్చో నేనే చెప్పాను. 1981లో "ది ఈవిల్ డెడ్" తీసిన కుర్రాళ్ళ దగ్గర పెద్ద డబ్బుల్లేవు. ఒక చెక్కపలకకి కెమెరా బిగించి, అటొకరు ఇటొకరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. తరుముకొచ్చేదేమిటో చూపించనే లేదు, ఆ పరుగే దెయ్యం. 1999లో "ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్" తీసినవాళ్ళు ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీలో సినిమా చదువుకున్న వాళ్ళే. ఆ మంత్రగత్తె సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనబడదు. ఊపిరి, చీకటి, ఆకుల చప్పుడు, భయంతో వణికే కెమెరా, అంతే. మన హాస్టల్లో ఇవన్నీ ఫ్రీగా దొరుకుతాయి కదా అన్నాను. మెస్సులో క్యారెట్లు విరిచి ఎముకల చప్పుడు నేను రికార్డు చేస్తానన్నాను. మెట్ల మీద ఎవరూ ఉండరు, పట్టీల చప్పుడు మాత్రం దిగుతూ వస్తుంది, అక్కడ కట్ చేసి టైటిల్ వేద్దామన్నాను.

అందరూ శ్రద్ధగా విన్నారు. మీ గురించి, తాతమ్మ గురించి చెప్పినప్పుడు డైరెక్టర్ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "కరెక్టే. పాయింటుంది. మన సినిమాలో తెల్లచీర ఉండకూడదు" అని అక్కడికక్కడే పట్టికలో మీ పేరున్న చోటల్లా కొట్టేశాడు. పేపరు తిప్పి కాసేపు ఆలోచించి, మీ స్థానంలో కొత్త పేరు రాసుకొచ్చాడు.

పెళ్ళిపీటల మీద చచ్చిపోయిన అమ్మాయి. ఎర్ర పట్టుచీర. జుట్టు విరబోసుకుని.

శనివారం రమ్మన్నాడు.

ఇట్లు,
జుట్టున్న పాపానికి,
మీ విధేయురాలు

తా.క. పట్టుచీర డ్రైక్లీనింగ్ ఎవరు పెట్టుకోవాలని అడిగాను. ఎర్రచీర మీద రక్తం కనబడదు కాబట్టి ఆ ఖర్చే లేదని ప్రొడ్యూసర్ మొదట సంబరపడ్డాడు. తర్వాత ఏదో అనుమానమొచ్చి, ఈసారికి రక్తం పచ్చగా పెడదామా అని గ్రూపులో పోల్ పెట్టాడు. ఇప్పటిదాకా పచ్చే ముందుంది.