బల్ల మీద బ్యాగులు, బొమ్మల మీద వేళ్లు

చిట్టి బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధాలు ఆడే మినియేచర్ వార్‌గేమ్ ప్రదర్శనల్లో డిస్‌ప్లే గేమ్ పెట్టేది చూడ్డానికే కదా, మరి ఆ చేతులెందుకు ఊరుకోవు? 28 మి.మీ. సైనికుణ్ణి ఈటె పట్టుకుని పైకెత్తుతారు! అది మెత్తటి లోహం, ఇట్టే వంగుతుంది. సరిచేద్దామని వెనక్కి వంచితే వంపు దగ్గర రంగు పెచ్చులూడుతుంది, ఇంకో రెండుసార్లయితే పుటుక్కుమంటుంది. వేళ్ల జిడ్డుకి మెరవకుండా వేసిన మ్యాట్ వార్నిష్ నిగనిగలాడిపోతుంది. ముట్టుకోక తప్పకపోతే, అదీ అడిగి, బొమ్మ కాళ్ల కిందుండే బిళ్లని (బేస్) పట్టుకోండి. ఇక భుజాన బ్యాగుతో బల్ల మీదికి వంగేవాళ్లయితే మరీను, బొమ్మ చెట్లన్నీ బోర్లా పడతాయి.

ఆడించేవాళ్లూ తక్కువేం కాదు. ఏ యుద్ధం, ఏ సంవత్సరం, ఏ స్కేలు, ఏ రూల్స్ అని ఒక్క అట్టముక్క పెట్టరు. అడుగుదామంటే వీపులే కనిపిస్తాయి. పైగా అంత అందమైన నది ఒడ్డునే కాఫీ కప్పులు, డైస్ డబ్బాలు!