మారతహళ్లి వాటాదారుల సర్వసభ్య సమావేశం

బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాటులో 2025 మార్చి 2న, పెసరట్లు అయ్యాక, నా పెట్టుబడుల సమీక్షా సమావేశం జరిగింది. హాజరైన వాటాదారులు ఇద్దరు. తన వాటాను తనకు చెప్పకుండానే పోపుల డబ్బాలోంచి తీశారని రెండో వాటాదారు, అనగా మా ఆవిడ, ఆరంభంలోనే అభ్యంతరం తెలిపింది. అభ్యంతరం రికార్డులకు ఎక్కింది. రికార్డులంటే పాల లెక్కల పుస్తకం.

ముందుగా దేశ పరిస్థితి వివరించాను. 2024 సెప్టెంబరులో 26,277 దాకా ఎక్కిన నిఫ్టీ అనే షేర్ మార్కెట్ సూచీ ఫిబ్రవరి ఆఖరుకు 22,124కు దిగింది. వరుసగా ఐదు నెలలు పడటం 1996 తర్వాత ఇదే మొదటిసారి. విదేశీ సంస్థలు అమ్ముకుంటూ పోయాయి. నేను మార్కెట్‌లో అడుగుపెట్టింది కూడా సెప్టెంబరులోనే కావడం కేవలం యాదృచ్ఛికం.

షేర్ల విషయంలో 'నష్టం' అనే మాట వాడరాదని మనవి చేశాను. కొన్న రోజున అది ట్రేడింగు. పది శాతం పడ్డాక పెట్టుబడి. ముప్పై శాతం పడితే దీర్ఘకాలిక దృష్టి. సగమయ్యాక, అబ్బాయి చదువుకని మొదటి నుంచీ దాచిన సొమ్ము. లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి కిందికి చేరేలోపు పక్కింటాయన చెప్పగా కొన్న ఆ కంపెనీ నీళ్ల పంపులు తయారు చేస్తుందని నాకు తెలిసింది ఈ చివరి దశలోనే.

ఆప్షన్ల పద్దు దగ్గర సభ వేడెక్కింది. ఫిబ్రవరి 24, సోమవారం నాడు నిఫ్టీ కాల్, అనగా నిఫ్టీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్ ఒప్పందం, ఒక లాటు (కట్ట) కొన్నాను. రూ. 60 చొప్పున 75, వెరసి రూ. 4,500. గురువారం గడువు; ఆలోపు నిఫ్టీ తగినంత పెరగకపోతే కట్టిన సొమ్ము పోయినట్టే. మధ్యలో బుధవారం మహాశివరాత్రి, మార్కెట్‌కు సెలవు. ఉపవాసం ఉన్నాను, జాగరణ చేశాను. ఆప్షన్ విలువలో కాలానిదంటూ ఒక భాగం ఉంటుంది. అది మంచుగడ్డలా కరుగుతుంది, దానికి సెలవు లేదు. నేను శివనామం జపిస్తున్న రాత్రంతా అది కరుగుతూనే ఉంది. సోమవారం ముగింపుకూ గురువారం ముగింపుకూ నిఫ్టీలో తేడా ఎనిమిది పాయింట్లు. మార్కెట్ కదల్లేదు, నా డబ్బు మాత్రం కదిలి వెళ్లిపోయింది. మర్నాడు, నా దగ్గర ఏ ఆప్షనూ లేని శుక్రవారం నాడు, నిఫ్టీ 420 పాయింట్లు కూలింది.

"అప్పుడు పుట్ కొని ఉంటే లాభం వచ్చేది కదండీ?" అంది మా ఆవిడ. పుట్ అనే మాట, అనగా నిఫ్టీ పడితే లాభమిచ్చే ఆప్షన్ పేరు, ఆమెకు ఎలా తెలిసిందన్నది ప్రత్యేక విచారణకు అర్హమైన అంశం.

నేను ఒంటరిని కానని నిరూపించడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనాన్ని సభ ముందుంచాను. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో, ఆప్షన్లలో, ఫ్యూచర్స్ అనే అలాంటి ఒప్పందాల్లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం రూ. 1.8 లక్షల కోట్లకు పైనే. ఇంతటి మెజారిటీ సాధారణంగా ఏ ఎన్నికలోనూ రాదు. మిగిలిన ఏడు శాతం మందే కదా ప్రజాభిప్రాయాన్ని ధిక్కరించినవారు! పైగా లాభం వచ్చినా రాకపోయినా బ్రోకరుకు రుసుము, అమ్మినప్పుడల్లా ప్రభుత్వానికి లావాదేవీ పన్ను సమర్పించుకుంటూనే ఉన్నాను. కర్ణుడు కవచకుండలాలు ఇచ్చాక ఇంద్రుడు జీఎస్టీ అడిగినట్టు ఏ పర్వంలోనూ లేదు.

చివరగా శుభవార్త వినిపించాను. గడువులోపు ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే ఈ ఆప్షన్ల నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకుపోవచ్చు.

"మీ జీతం మీద పన్ను తగ్గుతుందా?"

"జీతంలో సర్దడానికి వీల్లేదు. వ్యాపారంలో లాభం వస్తే అందులో."

"ఎనిమిదేళ్లంటే మన అబ్బాయి ఇంజనీరింగు పూర్తి చేస్తాడు" అంటూ ఆమె పుస్తకంలో వెనక పేజీ తిప్పింది. అది చేబదుళ్ల పేజీ. 2019లో మా పెదనాన్న కొడుకు బైకు మరమ్మతుకని తీసుకున్న రూ. 8,000 దాంట్లోనే ఉంది. దాని కింద నా పేరు, ఎదురుగా మొత్తం రాసింది. పాల లెక్కలన్నీ పెన్సిల్‌తో రాసే మనిషి, ఇది మాత్రం పెన్నుతో రాసింది.