ప్రశ్నార్థకాలకు జవాబు దొరకని సదస్సు

మొన్న మన సంఘం జరిపిన సాంకేతిక సదస్సులో వెబ్‌సైట్ల హాలుకు వచ్చినవాళ్లకు ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. పత్రిక పేజీలు సైటులోకి ఎక్కించే కార్యకర్త ఒకామె లేచి, "సర్వర్ మార్చినప్పటి నుంచీ పాత సంచికల్లో తెలుగంతా ప్రశ్నార్థకాలే కనిపిస్తోందండీ, మళ్లీ వస్తుందా?" అని అడిగారు. వేదిక మీద ముగ్గురు వక్తలున్నారు, ముగ్గురూ ఈ పనిలో ఆరితేరినవాళ్లే. "మంచి డెవలపర్‌ను పెట్టుకోండమ్మా, వివరాలు తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు, మైకు పక్కవాళ్లకు వెళ్లిపోయింది. అంతకుముందు పరిచయాలకు, వక్తల ఉద్యోగ ప్రస్థానాలకు, కృత్రిమ మేధ మన బతుకులను ఎలా మార్చబోతోందన్న జోస్యాలకు కావలసినంత సమయం దొరికింది.

ఇది నొచ్చుకోవలసిన సంగతే. ఆ గంటలో వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ పనికొచ్చేది అదే. దానికి జవాబు ఉంది, పది నిమిషాల్లో చెప్పొచ్చు కూడా. ఏ సంఘం సైటుకైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బే అది. కాబట్టి ముందు ఆ జవాబు చెప్పి, తర్వాత నా ఫిర్యాదు చెప్తాను.

తెలుగు పాడైంది అంటే మూడు వేర్వేరు జబ్బులు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే సమాచారానికేమీ కాలేదు, చూసే యంత్రంలో తెలుగు ఫాంటు లేదంతే. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటును వాఫ్2 రూపంలో (వెబ్‌కని కుదించిన ఫాంటు ఫైలు) సైటులోనే పెడితే సరిపోతుంది. రెండోది, తల మీద గీత ఉన్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలగలిసి బారులు తీరడం. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం, యూటీఎఫ్-8 అంటే ఆ సంఖ్యలను బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్కలుగా, రాసే పద్ధతి. తెలుగు యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 గుర్తులు, అంటే 18 బైట్లు. ఆ బైట్లను ఎవరో లాటిన్-1 (పశ్చిమ యూరప్ భాషల అక్షరాలకున్న పాత పద్ధతి) అనుకుని ఒక్కొక్కటి ఒక్కో అక్షరంగా చదివితే ఆ చెత్త పుడుతుంది. బైట్లన్నీ భద్రంగానే ఉంటాయి కనుక ఇది బాగయ్యే జబ్బు. ఇక్కడే చాలామంది తొందరపడి, సైటు సమాచారమంతా ఉండే డేటాబేస్‌లోని పట్టికను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు (డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8కి పేరు) కన్వర్ట్ చేస్తారు. అలా చేస్తే ఆ చెత్తే యూటీఎఫ్-8లో స్థిరపడిపోతుంది. ముందు ఆ కాలమ్‌ను బ్లాబ్‌గా, అంటే ఉత్త బైట్లుగా, మార్చి, తర్వాత బ్లాబ్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. మధ్యలో బ్లాబ్ ఎందుకంటే, దానికి భాష తెలియదు, బైట్లను ముట్టుకోదు.

మూడోది ఆమె అడిగిన ప్రశ్నార్థకాలు. ఇందులో మళ్లీ రెండు దారులున్నాయి. ఏ దారో తేలేదాకా ఎవరూ ఏ పేజీనీ ఎడిటర్‌లో తెరిచి 'అప్‌డేట్' నొక్కకూడదు. ముందు డేటాబేస్‌ను బ్రౌజర్‌లో చూపే పీహెచ్‌పీ మై అడ్మిన్‌లోకి వెళ్లి, పోస్టుల పట్టికలో ఆ పాత వ్యాసం వరుసను నేరుగా చూడాలి. అక్కడ తెలుగు చక్కగా కనిపిస్తే సమాచారం క్షేమం. సైటుకూ డేటాబేస్‌కూ మధ్య మాట్లాడుకునే భాష మాత్రం లాటిన్-1గా ఉండిపోయింది. లాటిన్-1లో తెలుగుకు చోటు లేదు కాబట్టి డేటాబేస్ ఒక్కో గుర్తుకూ ఒక్కో ప్రశ్నార్థకం ఇచ్చి పంపుతోంది. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) సైటైతే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే అమరికల ఫైలులో డీబీ-చార్‌సెట్ (అక్షరాల పద్ధతి) అన్న వరుస చూసి, యూటీఎఫ్8ఎంబీ4 అని సరిచేస్తే తెలుగు తిరిగొస్తుంది. ఈలోగా ఎవరైనా పేజీ తెరిచి 'అప్‌డేట్' నొక్కారా, తెర మీదున్న ప్రశ్నార్థకాలే డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటాయి, అసలు పోతుంది. మంచి మనసుతో అచ్చుతప్పులు దిద్దబోయిన కార్యకర్త చేతిలోనే ఈ నష్టం జరిగే వీలు ఎక్కువ.

పట్టికలో కూడా ప్రశ్నార్థకాలే ఉంటే ఇక బాగుచేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ప్రశ్నార్థకం ఒకే ఒక్క బైటు, దాని వెనక ఏ అక్షరం ఉండేదో ఎవరూ చెప్పలేరు. సర్వర్ మార్చకముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దిక్కు. పాత సర్వర్ ఇంకా బతికుంటే అక్కడి నుంచి మళ్లీ డంప్ (డేటాబేస్ మొత్తం నకలు) తీయాలి. తీసేటప్పుడు డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఆదేశంలోనే రాయాలి, ఎక్కించేటప్పుడూ అదే రాయాలి. పాత ఖాతా మూసేసే ముందు కొత్త సైటులో పది పాత వ్యాసాలు తెరిచి చూసుకుంటే ఈ అవస్థే ఉండదు.

ఆ జవాబు ఇంతే. వేదిక మీద ఒక పరీక్ష సైటు పెట్టి, కావాలని చార్‌సెట్ చెడగొట్టి, అందరి ముందూ బాగుచేసి చూపించి ఉంటే హాల్లో ఉన్నవాళ్లు జన్మలో మర్చిపోరు.

వక్తల మీద నాకు చిన్నచూపు లేదు. సెలవు రోజున సొంత ఖర్చుతో వచ్చి మాట్లాడే మనిషిని తప్పుపట్టడం తేలిక. ఉద్యోగ ప్రస్థానాలు వినాలని వచ్చే విద్యార్థులూ ఉంటారు, వాళ్లకు అదే దారిదీపం. అయితే దానికి వేరే హాలు ఉంది. వెబ్‌సైట్ల హాలుకు వచ్చేది సంఘం సైటు చూసుకునేవాళ్లు, చిన్న వ్యాపారం పేజీ తామే కట్టుకుంటున్నవాళ్లు, బడి పిల్లల పత్రిక నడిపేవాళ్లు. సోమవారం పొద్దున వాళ్ల చేతికి పని కావాలి. వర్డ్‌ప్రెస్ వాళ్ల వర్డ్‌క్యాంపులు అనే సదస్సులు 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై ఊరూరా పాకాయంటే కారణం ఇదే. స్థానిక వాలంటీర్లే జరుపుతారు, తమకు తెలిసిన ఒక్క పనిని విప్పి చూపిస్తారు, ఆ ప్రసంగాల వీడియోలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి.

మనవాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కుల మీద మనమే మాట్లాడాలి, ఇంకెవరూ మాట్లాడరు. ఒకటి చెప్తాను. వర్డ్‌ప్రెస్‌లో పేజీ శీర్షిక తెలుగులో పెడితే, చిరునామా చివరి భాగం కూడా దాన్నుంచే తయారవుతుంది. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది, కాబట్టి ఒక్కో తెలుగు గుర్తుకు 9 అక్షరాలు. ఆ భాగానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలు. అంటే 22 తెలుగు గుర్తులు దాటితే కత్తెర పడుతుంది. 'వార్షిక సర్వసభ్య సమావేశం 2024' అని పెట్టి చూడండి. వార్షికకు 7, సర్వసభ్యకు 8, సమావేశానికి 7, సరిగ్గా 22 గుర్తులు. మధ్యలో రెండు ఖాళీలతో 200 నిండిపోతుంది, 2024 ఎగిరిపోతుంది. మరుసటి ఏడాది 2025 అని పెట్టినా అంతే. ఆ చిరునామా అప్పటికే ఉంది కనుక చివర 2 అన్న అంకె మాత్రం తగిలిస్తుంది. అయిదేళ్ల తర్వాత ఏది ఏ ఏడాదిదో చిరునామా చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. శీర్షిక తెలుగులోనే ఉంచి, స్లగ్ (చిరునామా చివరి భాగం) గడిలో మాత్రం చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఏడాదితో సహా, పబ్లిష్ నొక్కే ముందే రాసుకోవాలి. వాట్సాప్‌లో పంపినప్పుడు గజం పొడుగు శాతం గుర్తులు కనిపించే బాధా తప్పుతుంది.

అలాగే పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన సంచికలు. అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టిన వ్యాసాన్ని కాపీ చేసి సైటులో పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. పీడీఎఫ్‌గా పెడితే కంటికి తెలుగే, కానీ వెతికితే దొరకదు, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినేవాళ్లకు అందదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తుల దగ్గర ఒక మనిషి కన్ను వేసి, మామూలు పేజీగా పెట్టాలి. పేజీ హెచ్‌టీఎంఎల్‌లో భాష తెలుగు అని లాంగ్ (lang) గుణంతో చెప్పాలి, లేకపోతే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో తంటాలు పడుతుంది. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లకు తగ్గించకూడదు. ఇంగ్లీషుకని చేసిన థీముల్లో శీర్షికలకు ఇది 1.2 దాకా ఉంటుంది, 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో కింది వత్తులు పక్క వరుస మీద పడతాయి.

ఇంకో రోగం 'మమ్మల్ని సంప్రదించండి' ఫారం. సభ్యులు నింపుతారు, కార్యవర్గానికి ఏమీ రాదు, "మన సంఘంవాళ్లు జవాబివ్వరు" అన్న పేరొస్తుంది. చాలాసార్లు తప్పు ఎక్కడంటే, ఫ్రమ్ గడిలో ఫారం నింపినవారి మెయిల్ చిరునామా పెట్టేస్తారు. మన సర్వర్ వాళ్ల జీమెయిల్ పేరుతో ఉత్తరం పంపినట్టవుతుంది. ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా అని అందుకునే వైపు చేసే ఎస్పీఎఫ్, డీమార్క్ తనిఖీల్లో అది దొంగ ఉత్తరంగా తేలి స్పామ్‌లో పడుతుంది, లేదా తిరస్కరిస్తారు. ఫ్రమ్‌లో సంఘం సొంత డొమైన్ చిరునామా, రిప్లై-టూలో సభ్యుడి చిరునామా పెట్టాలి. పంపడం సర్వర్‌కు వదిలేయకుండా ఎస్ఎంటీపీ ద్వారా, అంటే అసలు మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయ్యి, పంపాలి, డొమైన్‌కు ఎస్పీఎఫ్, డీకిమ్ (ఉత్తరానికి డిజిటల్ సంతకం) రికార్డులుండాలి. తర్వాత జీమెయిల్ చిరునామాతో, యాహూ చిరునామాతో ఫారం నింపి రెండూ చేరాయో లేదో చూసుకోవాలి. హోస్టింగ్ మారినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఇక డొమైన్ పేరు. కార్యవర్గం మారినప్పుడు ఖాతాల పుస్తకాలు చేతులు మారతాయి, డొమైన్ మాత్రం ఎప్పటిదో ఒక కార్యదర్శి సొంత మెయిల్ మీదే ఉండిపోతుంది. గడువు హెచ్చరికలు ఆ మెయిల్‌కే పోతాయి. డాట్ ఆర్గ్ పేరైతే గడువు దాటాక రిజిస్ట్రార్‌ను (పేరు అమ్మిన సంస్థను) బట్టి 45 రోజుల దాకా మామూలు రుసుముతో తెచ్చుకునే వీలుండవచ్చు. తర్వాత 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) గడువులో ఖర్చు బాగా పెరుగుతుంది, ఆపైన 5 రోజులకు పేరు బజారులో పడుతుంది. రిజిస్ట్రార్ ఖాతా మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు ఆగిపోయిన రోజున మెయిలూ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా అందదు.

ఫొటోల గురించి ఒక్క మాట చాలు. ఫోనులో తీసిన 4 ఎంబీల ఫొటోను అలాగే ఎక్కించకండి, వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు రూపంలో భద్రపరచి ఎక్కించండి.

వీటిలో ఏ ఒక్కటైనా 50 నిమిషాల ప్రసంగానికి సరిపోతుంది. పది నిమిషాలు పాడైనది చూపాలి, పాతిక నిమిషాలు బాగుచేయాలి, మిగిలిన పావుగంట ప్రశ్నలకు. పరీక్ష సైటు వక్త ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, సదస్సు వైఫైని నమ్ముకుంటే వందమంది ఫోన్లు కలిసిన క్షణాన తెర ఆగిపోతుంది. బ్రౌజర్‌ను 175 శాతానికి పెంచాలి, వెనక వరుసకు కనపడని మెనూ వాళ్లకు లేనట్టే. చేతులతో చేయించే శిక్షణైతే ప్రతి ఎనిమిది మందికీ ఒక సహాయకుడు కావాలి. ఇన్‌స్టాల్ చేయించడంలోనే సగం గంట పోకుండా వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ వాడొచ్చు. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ట్యాబ్ మూస్తే చేసిన పని పోవచ్చు కనుక, ముగించే ముందు జిప్‌గా దించుకోమని గట్టిగా చెప్పాలి.

నాలుగు పేజీల సైటుకు ఇంత హడావిడి అక్కర్లేదు, నెలకింత కట్టించుకునే రెడీమేడ్ సేవలు చాలు అనేవాళ్లున్నారు. నిజమే, సర్వర్ బాధ తప్పుతుంది. డొమైన్ బాధ, ఫాంటు బాధ, పాత సంచికల బాధ తప్పవు. ఆ సేవ మూతపడే రోజున సమాచారం ఏ రూపంలో బయటికి తీసుకోవచ్చో కూడా ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

అందుకే కార్యవర్గానికి ఈ విన్నపం. వచ్చే సదస్సుకు ప్రసంగాలు పిలిచేటప్పుడు వక్త జీవిత విశేషాల గడి పక్కన పెట్టి, 'ఈ ప్రసంగం విన్నవారు ఇంటికెళ్లి ఏ పని చేయగలుగుతారు?' అన్న గడి ఒక్కటి పెట్టండి. అది ఖాళీగా వదిలిన ప్రతిపాదనను ఆ హాలుకు తీసుకోకండి. వక్తలకు నా మనవి, తెలుగులోనే చెప్పండి. సర్వర్, ప్లగిన్, బ్యాకప్ అనే మాటలు అందరికీ తెలిసినవే, చుట్టూ ఉన్న వివరణ మన మాటల్లో ఉంటే పెద్దవాళ్లూ అడ్డు తగిలి అడగగలుగుతారు. జవాబు అప్పటికప్పుడు తట్టకపోతే ప్రశ్న రాసుకుని, వారం లోపల రాతపూర్వకంగా పంపండి. ప్రసంగానికి తోడు ఒక పేజీ నోట్సు ఇవ్వండి, స్లైడ్ల ఫొటోలుగా కాకుండా యూనికోడ్ తెలుగులో టైపు చేసి. అందులో వాడిన ఆదేశాలు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఏ వెర్షన్ మీద చేశారో, ఏ తేదీన చేశారో పైనే రాయాలి. వెర్షన్ మారాక మెనూలు కదులుతాయి, తేదీ లేని నోట్సును నమ్మి పాత సూచన కొత్త సైటు మీద ప్రయోగించేవాళ్లు ఉంటారు.