పాత కామిక్స్ దాచుకోవడం: లాభం సంగతి అటుంచితే...

2024 ఏప్రిల్‌లో అమెరికాలో జరిగిన ఓ వేలంలో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక 60 లక్షల డాలర్లు పలికింది. 1938లో పది సెంట్లకు అమ్మిన పుస్తకం అది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించింది అందులోనే. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో అటకెక్కిన పెట్టెలు కిందికి దిగుతాయి. ‘‘మా దగ్గర పాత అమర్ చిత్రకథలు ఉన్నాయండీ, ఎంతొస్తుంది?’’ అని అడుగుతారు. పెద్దగా ఏమీ రాదు. వస్తుందని ఊరించేవాళ్లలో చాలామంది అమ్మకందారులే.

అక్కడి మార్కెట్ నడిచేది పుస్తకం ఎంత నలగకుండా ఉందన్నదాని మీద. పదికి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. ఇక దాన్ని ఎవరూ తిరగేయలేరు. మన కామిక్స్ అలా బతకలేదు. అద్దె పుస్తకాల షాపు రబ్బరు స్టాంపు, బాల్‌పెన్నుతో రాసిన పేరు, క్లాసు, సెక్షను, సగం నింపిన పజిలు, ఎవరో పెట్టిన మీసాలు... ఇవన్నీ లేని కాపీ దొరకడమే కష్టం. ఆ కొలబద్దతో చూస్తే మనవాటికి రెండో మూడో మార్కులు వస్తాయి. రానీయండి. పెట్టుబడి అనే ఆలోచన పక్కన పెడితేనే ఈ సరదాలో అసలు రుచి తెలుస్తుంది. ఏది కొనాలో, ఎలా దాచాలో కూడా అప్పుడే తేలుతుంది.

సగం ఆనందం వెతుకులాటలోనే ఉంది. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టిన ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగిపోయేలోపు సుమారు 800 సంచికలు వచ్చాయి. మొదటి 32 అచ్చంగా ఫాంటమ్ కథలే. తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డాన్, 1976 నుంచి మన బహదూర్. కొన్ని కథలు రెండు సంచికల్లో వచ్చేవి. మొదటి భాగం చేతిలో ఉండి రెండోది ఏళ్ల తరబడి దొరక్కపోతే ఆ టెన్షన్ వేరు!

అమర్ చిత్రకథ తిరకాసు ఇంకో రకం. అనంత్ పాయ్ సంపాదకత్వంలో వచ్చిన ‘కృష్ణ’ నంబరు 11. కొత్తగా సేకరించేవాళ్లు ముందున్న పది పురాణ కథల కోసం తెగ తిరుగుతారు. అవి లేవు. ఆ పది కన్నడంలో వేసిన పాశ్చాత్య జానపద కథలు. పైగా తర్వాతి ముద్రణల్లో అదే ‘కృష్ణ’ 501 అయింది. కాబట్టి నంబరు ఒక్కటే చూసి డబ్బులివ్వకూడదు. అట్ట మీద వెల ఎంతుందో, వెనకట్ట లోపల జాబితాలో ఏ కథ దాకా ఉందో చూస్తే ముద్రణ ఏ కాలానిదో తెలిసిపోతుంది.

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికేవాళ్లకు ఇంకో విద్య కూడా కావాలి. మాండ్రేక్ కనబడగానే మొహం వెలిగిపోతే బేరం అక్కడే చెడుతుంది. పనికిరాని నాలుగింటితో కలిపి కట్టగా అడగడం మంచిది. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం మధ్య పేజీల ఫొటో తప్పకుండా అడగండి. పిన్నుల నుంచి ముందు ఊడిపోయేవి అవే. అట్ట ఎంత మెరుస్తున్నా నడుమ నాలుగు పేజీలు లేకపోతే కథ కాస్తా గోవిందా.

చందమామ కామిక్ కాదని వాదించేవాళ్లున్నారు. నిజమే, కానీ తెలుగువాళ్ల అల్మరాలో అది కామిక్స్ పక్కనే ఉంటుంది. చిత్రకారులు చిత్ర, శంకర్‌ల బొమ్మలు లేకుండా 1947లో మొదలైన ఆ పత్రికను ఊహించలేం. మనవాళ్లు సీరియల్ పేజీలు మాత్రం చింపి బైండు చేయించుకునేవాళ్లు. ఆ బైండు చదువుకోవడానికి భలే ఉంటుంది, కానీ అలా ఎన్ని మంచి సంచికలు పాడయ్యాయో! బైండింగ్ షాపులో అంచులు కోసినప్పుడు బొమ్మలు కూడా కొంత తెగిపోతాయి.

ఇక దాచడం. ఇవి చౌక కాగితం మీద వేసినవి. కలప గుజ్జులోని లిగ్నిన్ వెలుతురుకూ వేడికీ పసుపెక్కి, కాగితం పెళుసుబారుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం. ఎండ తగలని అల్మరాలో, గోడకు ఆనించకుండా, చిన్న దొంతరలుగా పడుకోబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ముందు తుప్పు పట్టేది పిన్నులే. తుప్పు కాగితానికి అంటుకోకముందే పిన్ను జాగ్రత్తగా తీసేసి, అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుట్టేస్తే సరి. సెలోటేపు జోలికి వెళ్లొద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది. లామినేషన్ అంతకన్నా ఘోరం, ఇక విడదీయలేం.

వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. రెడీమేడ్ షర్టులకు వాడే బీఓపీపీ కవర్లు హోల్‌సేల్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి, అవి చాలు. రామబాణం పురుగులకు కలరా ఉండలు వేసేవాళ్లుంటారు. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయను. పచ్చి వేపాకు పెడితే తేమ చేరుతుంది, ఎండబెట్టింది పెట్టాలి. అన్నిటికంటే బాగా పనిచేసేది, వానాకాలం వెళ్లాక అల్మరా ఖాళీ చేసి ఒక్కో పుస్తకం దులపడం. దులపడానికని తీసింది చదువుతూ కూర్చుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. దీన్ని నేను ఖర్చు కింద రాయను.

తమిళంలో శివకాశి నుంచి 1972లో మొదలైన ముత్తు కామిక్స్, దాని తమ్ముడు లయన్ ఇప్పటికీ పాత అభిమానుల కోసం అచ్చవుతున్నాయి. తెలుగులో అంత నిలకడగా సాగుతున్న కామిక్ ప్రచురణ నాకు కనబడలేదు. కామిక్స్‌ను భద్రపరచాల్సినవిగా చూసే లైబ్రరీలూ తక్కువే. కాబట్టి ఇళ్లలో ఉన్న ఈ పెట్టెలే గతి. ఉన్నవాటికి ఫోన్‌లో ఒక జాబితా రాసి పెట్టుకోండి. మరీ పెళుసుబారినవాటిని స్కాన్ చేయండి. చేసేటప్పుడు చాలామంది ప్రకటనల పేజీలు వదిలేస్తున్నారు. పాపిన్స్ బిళ్లల కోసం గీసిన ఆ ఒక పేజీ బొమ్మల కథలు మళ్లీ ఏ పుస్తకంగానూ రావు, వాటిని కూడా స్కాన్‌లో ఉంచండి.