ఆ డాట్ యూఐడీ ఫైళ్ళ జోలికి వెళ్ళకండి, దండం పెడతా

ఆటలు తయారుచేసే ఇంజన్ గోడాట్ వాడేవాళ్ళ దగ్గర ఇవాళ మళ్ళీ అదే పోస్ట్ కనబడింది. "గోడాట్ 4.4కి మారాక ప్రతి స్క్రిప్టు పక్కనా ఓ పిల్ల ఫైలు పుడుతోంది బ్రో, అన్నిటినీ గిట్ ఇగ్నోర్‌లో పడేశా, ఫోల్డర్ క్లీన్!" కింద చప్పట్లే చప్పట్లు. (గిట్ అంటే ప్రాజెక్టు మార్పుల్ని దాచి నలుగురూ పంచుకునే పనిముట్టు; ఇగ్నోర్‌లో పడేసిన ఫైళ్ళు అందులోకి వెళ్ళవు.) క్లీనే మరి. ఇల్లు ఊడుస్తూ ఇంటి పత్రాలు కూడా చెత్తబండిలో వేస్తే ఎంత క్లీనో అంత క్లీన్.

పడేసే ముందు ఒక్కసారి తెరిచి చూస్తే ఏం పోయేది? లోపల ఉండేది ఒకే ఒక్క లైను. యూఐడీ, రెండు గీతలు, ఆ తర్వాత అర్థం లేని అక్షరాల గుత్తి. అది ఆ స్క్రిప్టుకి, అంటే కోడ్ ఫైలుకి, ఆధార్ నంబరు. సీను (ఆటలో ఒక తెరో పాత్రో) ఫైలుకి ఆ నంబరు మొదటి లైన్లోనే ఉంటుంది. బొమ్మలకీ శబ్దాలకీ ఇంపోర్ట్ ఫైల్లో ఉంటుంది. స్క్రిప్టుకీ షేడర్‌కీ (బొమ్మకి రంగూ వెలుగూ దిద్దే కోడ్) రాసుకునే చోటు లేదు, అందుకని 2025 మార్చిలో 4.4తో పాటు ఈ పక్క ఫైలు వచ్చింది. ఇందులో కుట్రేమీ లేదు.

గిట్‌లో పెట్టకపోతే ఏమవుతుందంటే, 4.4లో ప్రాజెక్టు తెచ్చుకున్న ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ ఎడిటర్ అదే స్క్రిప్టుకి కొత్త నంబరు పుట్టిస్తుంది. నువ్వు సీను సేవ్ చేస్తే నీ నంబరు, పక్కవాడు సేవ్ చేస్తే వాడి నంబరు. ఎవరూ ఏమీ మార్చకపోయినా సీను ఫైలు రోజూ మారినట్టు కనబడుతుంది, మెర్జ్ (అందరి మార్పులూ కలపడం) దగ్గర కొట్లాట. ఔట్‌పుట్‌లో "ఇన్‌వాలిడ్ యూఐడీ, పాత్ వాడుతున్నా" అని పసుపు రంగు హెచ్చరికలు వరస కడతాయి. ఆ హెచ్చరిక వస్తున్నంతసేపూ మీ అదృష్టం బాగున్నట్టే, పాత్, అంటే ఫైలు ఉన్న చోటు, ఇంకా కాపాడుతోంది. స్క్రిప్టుని ఎక్స్‌ప్లోరర్లో పట్టుకుని వేరే ఫోల్డర్లోకి లాగి, పిల్ల ఫైల్ని వెనక వదిలేశారనుకోండి, నంబరూ పోయింది పాతూ పోయింది. కోడ్‌లో ప్రీలోడ్‌కి (ఫైల్ని ముందే తెచ్చుకునే ఆజ్ఞ) నేరుగా యూఐడీ ఇచ్చి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, వెనక్కి తగ్గడానికి దానికి పాత్ కూడా లేదు. ఫైళ్ళు జరపాలంటే ఎడిటర్లోని ఫైల్‌సిస్టమ్ ప్యానెల్లో జరపండి. బయటే జరుపుతానంటే తల్లినీ పిల్లనీ కలిపి జరపండి. గిట్ ఇగ్నోర్‌లో ఉండాల్సింది డాట్ గోడాట్ ఫోల్డర్, డాట్ యూఐడీ కాదు.

వెర్షన్ మార్చే పద్ధతి కూడా కొత్తదేం కాదు. ముందు ఉన్నదంతా కమిట్ చెయ్యాలి, అంటే గిట్‌లో భద్రపరచాలి. కొత్త ఎడిటర్లో తెరవాలి. ప్రాజెక్ట్ మెనూలో టూల్స్, అందులో అప్‌గ్రేడ్ ప్రాజెక్ట్ ఫైల్స్ నొక్కాలి. అది సీన్లన్నీ తిరిగి సేవ్ చేస్తుంది. ఆ మార్పులన్నీ ఒకే కమిట్‌గా, మీ సొంత పని ఒక్క లైను కూడా కలపకుండా పెట్టాలి. ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు (ఆటని బయటికిచ్చేలా కట్టే అచ్చులు) కూడా అదే వెర్షన్‌వి మళ్ళీ దింపుకోవాలి. 4.4.1 ఎడిటర్‌కి 4.4 టెంప్లేట్లు పనికిరావు, చుట్టాలే గానీ ఒక ఇంటివాళ్ళు కారు. ఇవేవీ చెయ్యకుండా, రిలీజ్‌కి రెండ్రోజుల ముందు కొత్త వెర్షన్లో తెరిచేసి "ఓపెన్ సోర్స్ అంటే ఇంతే" అనేవాళ్ళకి నమస్కారం.

టైల్‌మ్యాప్ గొడవా ఇలాంటిదే. అది పలకలు పేర్చి లెవెల్ కట్టే నోడ్; నోడ్ అంటే సీనులో ఒక భాగం. 2024 ఆగస్టులో 4.3 వచ్చినప్పుడు టైల్‌మ్యాప్‌ని పక్కకి జరిపి టైల్‌మ్యాప్‌లేయర్ తెచ్చారు. "మా లెవెళ్ళు పోయాయి" అని ఏడుపు. ఎక్కడికి పోయాయి? పాత నోడ్ ఇప్పటికీ నడుస్తోంది. మార్చుకోవాలంటే నోడ్ ఎంచుకుని, కింది ప్యానెల్లో కుడివైపు పనిముట్ల పెట్టె బొమ్మ నొక్కితే ఒక్కో లేయరూ ఒక్కో నోడ్ అవుతుంది. కోడ్‌లో సెట్ సెల్‌కి మొదట ఇచ్చే లేయర్ నంబరు తీసెయ్యాలి. మర్చిపోతే ఎర్రగా అరిచి మరీ చెబుతుంది.

ఇంకా 2018 నాటి 3.0 పాఠాలు పట్టుకుని వేలాడేవాళ్ళ సంగతి వేరు. కోడ్‌తో కదిలించే పాత్రకి కైనమాటిక్‌బాడీ నోడ్ వెతుకుతారు, లేదు, అది క్యారెక్టర్‌బాడీ అయింది. పాత్రని కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్ బ్రాకెట్లలో వెలాసిటీ (వేగం) ఇస్తారు, ఇప్పుడది నోడ్‌కే ఉన్న గుణం, బ్రాకెట్లు ఖాళీ. ఆ వేగాన్ని డెల్టాతో (ఒక ఫ్రేముకి పట్టే సమయం) గుణించి "ప్లేయర్ నత్తలా పాకుతున్నాడు" అంటారు. ఆ ఫంక్షన్ లోపల ఒకసారి గుణించుకుంటుంది నాయనా, నువ్వు రెండోసారి గుణిస్తే సెకనుకి 60 ఫ్రేముల దగ్గర వేగం 60వ వంతుకి పడిపోతుంది.

సరే, వీటి మీద ఇంత గోల చేస్తారు గదా, తెలుగు అక్షరాల సంగతి ఒక్కడైనా ఎత్తాడా? గోడాట్ 3లో తెలుగు రాస్తే ఒత్తు కిందికి వెళ్ళేది కాదు, గుణింతం పక్కన విడిగా నిలబడేది. అప్పుడు చాలామంది వాక్యాల్ని బొమ్మలుగా అతికించుకున్నారు. 2023 మార్చిలో 4.0 వచ్చి, అక్షరాల్ని అమర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీతో అక్షరాలు కుదురుగా కూర్చోబెట్టింది. మనకి అంతకంటే పెద్ద మార్పు ఏ వెర్షన్లోనూ రాలేదు. ఒక్క పోస్ట్ లేదు.

అది వచ్చాక కూడా మన ఆటల్లో ఏం కనబడుతోంది? విండోస్‌లో చక్కగా ఉంటుంది, వెబ్‌కి ఎక్కించగానే డబ్బాలు డబ్బాలు. ఎందుకంటే ఇంజన్‌తో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. మీ కంప్యూటర్లో సిస్టమ్ ఫాంట్ అప్పు ఇస్తోంది, బ్రౌజర్లో ఆ అప్పు పుట్టదు. నోటో సాన్స్ తెలుగు ప్రాజెక్టులో పెట్టి, మీ ఇంగ్లీషు ఫాంట్ ఇంపోర్ట్‌లో ఫాల్‌బ్యాక్‌గా (అక్షరం దొరక్కపోతే వాడే ఫాంట్‌గా) ఇవ్వండి. అక్కడే అలో సిస్టమ్ ఫాల్‌బ్యాక్ టిక్కు తీసేస్తే ఆ డబ్బాలేవో మీ దగ్గరే బయటపడతాయి.

డైలాగ్ ఒక్కో అక్షరమూ టైప్ అయ్యేటట్టు పెడతారే, అది ఇంకో ఘోరం. "స్త్రీ" అని రావాలంటే స, స్, స్త, స్త్, స్త్ర అని నత్తి కొడుతూ వస్తుంది. లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్టర్ షేపింగ్ చెయ్యండి, మొత్తం అక్షరం ఒక్కసారే వస్తుంది. ఒక్క డ్రాప్‌డౌన్. ఎవడూ తెరవడు.

పేరు అడిగే పెట్టెలో మ్యాక్స్ లెంగ్త్ 8 పెడతారు, ఇంగ్లీషులో అది చాలనుకుని. మనకి శ్రీనివాస్ నాలుగక్షరాలు, ఒత్తూ గుణింతమూ విడిగా లెక్కపెట్టే ఇంజన్‌కి పది. ఎనిమిది దగ్గర కోసేస్తుంది. పాపం కుర్రాడు ఆట మొత్తం "స్వాగతం, శ్రీనివా!" అనిపించుకుంటూ తిరుగుతాడు. అక్కడ 0 పెడితే పరిమితే ఉండదు.