పంపు దించే ముందు ట్యాంకు మూత విప్పండి

మళ్లీ అదే జరిగింది. దమ్ములో, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టిన చేను దున్నేటప్పుడు, ట్రాక్టర్ బండి పది నిమిషాలు నడిచి ఆగిపోతోందని షెడ్డుకి తీసుకెళ్తే, స్పానర్ పట్టుకున్న మనిషి చేసిన మొదటి పని ఇంజన్‌కి డీజిల్ కొట్టే పెద్ద పంపు దించెయ్యడం. ట్యాంకు నుంచి డీజిల్ వచ్చే ఫీడ్ లైన్ విప్పి చూడలేదు, ఫిల్టర్ గిన్నె తెరవలేదు. "ప్రెజర్ పోయిందండి, కాలిబ్రేషన్‌కి పంపాలి" అన్నాడు, అంటే కొలత సరిచేయించడానికి, పంపు గోనెసంచిలో చుట్టుకుని రాజమండ్రి బస్సెక్కేసింది. తిరిగొచ్చాక బిగించారు, టైమింగ్ కలిపారు, చేలో దించారు. పది నిమిషాలకి మళ్లీ ఆగింది. చివరికి తేలిందేంటంటే, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రంలో దమ్ము మట్టి ఎండి బిగిసిపోయింది. పిన్నీసుతో పొడిస్తే ఊడొచ్చే మట్టి! దానికోసం పంపు ఊరు దాటి వెళ్లొచ్చింది, చేలో నీళ్లు ఇంకిపోయాయి.

ట్యాంకులోంచి ఎంత డీజిల్ బయటికెళ్తే అంత గాలి లోపలికి రావాలండి. రాకపోతే లోపల వాక్యూమ్ పడుతుంది, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ దిగదు. కాసేపు ఆపితే ఏ సందులోంచో గాలి చేరి బండి మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ దాదాపు అంతసేపటికే ఆగుతుంది. ఈ లక్షణం చెవిన పడగానే మూత గుర్తుకు రావాలి. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి. స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుందా, జబ్బు దొరికినట్టే. లేకపోతే మూత వదులుగా పెట్టి నాలుగు సాళ్లు తిప్పి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, ఎందుకు చెయ్యరు?

"ప్రెజర్ లేదు" అంటారు గానీ ఏ ప్రెజరో చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే. బండిలో రెండు ప్రెజర్లు ఉంటాయి. ట్యాంకు నుంచి ఫిల్టర్ల గుండా పెద్ద పంపు దాకా ఫీడ్ పంపు నెట్టేది చిన్నది. లోపల పొర ఊగే డయాఫ్రం రకం ఫీడ్ పంపయితే అయిదు, పది పీఎస్‌ఐల మధ్య మాట. పైపులు వరసగా ఉండే ఇన్‌లైన్ పెద్ద పంపు పక్కన బిగించే పిస్టన్ రకమయితే చదరపు సెంటీమీటరుకి సుమారు కేజీ, కేజీన్నర. ఇక ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కి పెద్ద పంపు కొట్టేది రెండోది, నాజిల్ తెరుచుకోవాలంటే మోడల్‌ని బట్టి 170 నుంచి 250 కేజీల దాకా కావాలి. చిన్నది పడిపోతే పెద్ద పంపు నిన్న కొన్నదైనా పనిచెయ్యదు. మాస్సీ 1035, మహీంద్రా బీ-275, స్వరాజ్ 735 లాంటి పాత బళ్లు మన డెల్టాలో ఇంకా ఎన్నో దమ్ము చేస్తున్నాయి. వాటిలో ముందు చూడాల్సింది ఈ చిన్న ప్రెజర్నే. దానికి కావాల్సింది ఒక చిన్న గేజీ, ఒక టీ జాయింటు, రెండడుగుల గొట్టం. డయాఫ్రం పంపుకి 15 పీఎస్‌ఐ దాకా చూపే గేజీ చాలు, పిస్టన్ రకానికి నాలుగు కేజీలది. షెడ్డు నడిపేవాళ్లకి ఇది కొనలేనంత వస్తువా?

గేజీ కన్నా ముందు పొగ చూడాలి. లోడు పడ్డప్పుడు నల్లపొగ కక్కుతూ దిగజారితే డీజిల్ అందుతోందనే లెక్క, అప్పుడు ఎయిర్ క్లీనర్, నాజిల్స్ చూసుకోవాలి. పొగ పలచబడిపోయి, బండి ఊపిరి అందనట్టు నీరసపడితేనే డీజిల్ అందట్లేదని అర్థం.

ఆ తర్వాత ఫీడ్ పంపులోకి వచ్చే పైపు విప్పి, కింద శుభ్రమైన డబ్బా పెట్టి, కుళాయి తిప్పండి. ట్యాంకు పైనుంది కాబట్టి ధార దానంతటదే రావాలి. ఒక నిమిషం పూర్తిగా వదలండి, రెండు క్షణాలు చూసి "బాగానే వస్తోందిగా" అని కట్టెయ్యకండి. మొదట లావుగా వచ్చి అర నిమిషానికి సన్నబడిందంటే అడుగున ఉన్న చెత్త కుళాయి జాలీ మీదికి చేరుతోంది. మూత తీసి పైపులోంచి వెనక్కి గాలి కొడితే ఆ పూట గడుస్తుంది, అంతే. చెత్త లోపలే ఉంది. ట్యాంకు దించి కడగాల్సిందే.

ఆ చెత్త ఎక్కడిదని అడుగుతారేమో. మన గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. సగం ట్యాంకుతో రాత్రి బండి పెడితే మిగతా సగంలో ఉన్న గాలి చల్లబడి గోడలకి చెమట పడుతుంది, ఆ నీళ్లు అడుగుకి చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే చోట నల్లటి జిగురు పెరుగుతుంది, అదొచ్చి జాలీకి అంటుకుంటుంది. చేపల చెరువు గట్టు మీద వానలో మూత లేకుండా నిలబడ్డ క్యానులోంచి పోసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. సాయంత్రమే ట్యాంకు నింపండి. తెల్లారి సెల్ఫ్ కొట్టక ముందే ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి నీళ్లు తీసెయ్యండి. రాత్రంతా కిందికి దిగిన నీళ్లని ఇంజన్ తిప్పి మళ్లీ కలిపేస్తే ఏం లాభం?

ఫీడ్ పంపు విషయానికొస్తే, బాగున్న పంపుల్ని ఎన్నింటిని పారేయించారో! చేత్తో డీజిల్ కొట్టే ప్రైమింగ్ లీవరు ఆడిస్తే వదులుగా, బలం లేకుండా ఆడుతోంది, "డయాఫ్రం పోయింది" అని తీర్పు. అయ్యా, లోపల ఇంజన్‌తో తిరిగే మిట్ట, క్యాము, పంపు చేతిని ఎత్తి పట్టుకుని ఉంటే లీవరు అలాగే ఆడుతుంది. ఇంజన్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పండి, క్యాము అర చుట్టు తిరిగి పక్కకి తప్పుకుంటుంది, అప్పుడు చూడండి. బయటికెళ్లే పైపు విప్పి లీవరు కొడితే ప్రతి దెబ్బకీ డీజిల్ చిమ్మాలి. చిమ్మకపోతే లోపలి వాల్వుల్లో మట్టి రేణువు ఇరుక్కుందేమో ముందు కడిగి చూడండి. నిజంగా డయాఫ్రం చిరిగితే సంగతి డిప్‌స్టిక్ చెప్తుంది. ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి, పలచబడి, డీజిల్ వాసన కొడుతుంది. ఆ బండిని ఇంకొక్క నిమిషం కూడా నడపకూడదు, బేరింగులు పోతాయి. పంపు మార్చి, ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ మార్చాకే స్టార్ట్ చెయ్యాలి.

గాలి లాగడం ఇంకో గొడవ. ఫీడ్ పంపుకి ముందున్న పైపుల్లో సందుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. "ఎక్కడా లీకు లేదండి" అని తడి కోసం వెతికేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు. అక్కడ ఒక జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టి ఇంజన్ నడపండి, బుడగలు కంటికి కనపడతాయి. పైపు చివర్లు బిగించే కంత బోల్టులు, బ్యాంజో బోల్టుల కింద పాత రాగి వాషర్లు గట్టిపడిపోయి కూర్చోవు. కొత్తవి దొరకకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడతాయి, నల్లపొర తుడిచి వెయ్యండి. అంతేగానీ దారం చుట్టి, సబ్బు రాసి, టెఫ్లాన్ టేపు కట్టి బిగిస్తే ఆ టేపు ముక్కలే లోపలికెళ్లి అడ్డం పడతాయి. పాత రబ్బరు గొట్టం కూడా అంతే. పైకి బాగుంటుంది, లోపలి పొర ఊడి ఫీడ్ పంపు లాగినప్పుడల్లా ముడుచుకుపోతుంది.

ఇక ఫిల్టర్లు. ఫిల్టర్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గేజీ పెట్టండి. ముందు బాగుండి తర్వాత పడిపోతే ఫిల్టర్ మూసుకుపోయింది, వాదనే లేదు. కానీ మన దగ్గర ఏం చేస్తారు? కాగితం ఫిల్టర్ని పెట్రోలుతో కడిగి ఎండబెట్టి మళ్లీ వేస్తారు. ఇంకొందరైతే స్క్రూడ్రైవర్‌తో పొడిచి కంతలు పెడతారు, "ఇప్పుడు చూడండి ఎలా లాగుతుందో" అంటారు. లాగుతుంది! ఆ కంతల్లోంచి వెళ్లిన ఇసుక పంపులో డీజిల్‌ని ఒత్తే కడ్డీల్ని, ప్లంజర్లని గీకేస్తుంది, వచ్చే సీజన్‌కి పంపు నిజంగానే పోతుంది. ఆ పైన డూప్లికేట్ ఫిల్టర్లు. డబ్బా మీద అక్షరాలు అసలు దానికన్నా నీట్‌గా ఉంటాయి, లోపల కాగితం మడతలు సగం కూడా ఉండవు, జిగురు డీజిల్‌లో కరిగిపోతుంది. సీజన్ నడిబొడ్డున వేరే గతి లేక కొంటామని తెలిసే అమ్ముతారు.

ఈ ఖర్చంతా చివరికి ఎవరి మీద పడుతోందండి? కౌలు రైతు మీద. అతనికి సొంత బండి లేదు, గంటకింత అని కిరాయికి తెచ్చుకుంటాడు. బండి ఆగితే చేలో పెట్టిన నీళ్లు పోతాయి, నారు ముదురుతుంది, ముదురు నారు వేస్తే పిలకలు తగ్గుతాయి. సార్వా (ఖరీఫ్) ఆలస్యమైతే కోత తుపాన్లలో పడుతుంది, దాళ్వా (రబీ) ఆలస్యమైతే వంతులవారీ నీళ్ల దగ్గర ఎండుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. అప్పటి బాధల్లో పెట్టుబడి ఖర్చు ఒకటి కాదా? ఇప్పుడేమో "పాత బండి కిరాయి మానేసి సొంతంగా కొత్తది తీసుకోండి" అని సలహా. ఎలా తీసుకుంటాడు? 2019 ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు పత్రం కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లేరీ? పత్రం లేకపోతే బ్యాంకులో పంట రుణం పుట్టడమే కష్టం, ట్రాక్టర్ అప్పు ఎవరిస్తారు? అతనికి దిక్కు ఆ కిరాయి పాతబండే. అందుకే అది ఉత్తినే షెడ్డులో పడుంటే నాకు ఇంత కోపం.

ఇన్‌లైన్ పంపుల మీద ఎవరూ చూడని ముక్క ఇంకోటుంది, ఓవర్‌ఫ్లో వాల్వు. పెద్ద పంపు దగ్గర రిటర్న్ పైపు బిగించే చోట ఉంటుంది. లోపల ఒక గుండు, ఒక స్ప్రింగు, అంతే. స్ప్రింగు చచ్చినా, గుండు కింద మట్టి ఇరుక్కున్నా డీజిల్ అంతా వెనక్కి పోతుంది, పంపు లోపల డీజిల్ నిలిచే గ్యాలరీలో ప్రెజర్ నిలవదు. పాత బళ్లలో ఎవరో ఎప్పుడో దాన్ని పారేసి మామూలు బ్యాంజో బోల్టు బిగించేసి ఉంటారు, అది కూడా చూసుకోండి. గేజీ పెట్టి రిటర్న్ గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి పట్టుకోండి. ముల్లు గబుక్కున లేచిందంటే ఫీడ్ పంపు బాగుంది, దోషం వాల్వుది. పైపులు వరసగా కాక గుండ్రంగా బయటికొచ్చే రోటరీ పంపయితే డీజిల్ లోపలికొచ్చే చోట సన్న జాలీ ఉంటుంది, అది తీసి కడగండి. రోటరీ పంపుకి డీజిలే కందెన. డీజిల్ అందకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే లోపల తిరిగే రోటర్ పట్టేస్తుంది.

ఏ పైపు విప్పినా గాలి తియ్యాలి, అదీ వరస ప్రకారం. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీదిది. రోటరీకయితే కింద ఒకటి, పైన వేగాన్ని అదుపు చేసే గవర్నర్ మీద ఒకటి. నురుగు పోయి గట్టి ధార వచ్చాకే బిగించండి. ఆఖర్న స్టాప్ లీవరు లోపలికి తోసి, రేస్ పూర్తిగా ఇచ్చి, నాజిల్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఆ చిమ్మే డీజిల్ దగ్గర వేలు పెట్టకండి, దణ్ణం పెడతాను. చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, చిన్న చుక్కలాగే కనపడుతుంది, చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి. చర్మంలోకి పోయిందనిపిస్తే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇవన్నీ చూశాక, పెద్ద పంపు ముఖద్వారం దగ్గర గేజీ సరిగ్గా చూపిస్తూ కూడా బండి లాగకపోతే, అప్పుడు దించండి పంపు, నేనేం అనను. దించే ముందు పంపుని ఇంజన్‌కి బిగించే అంచు, ఫ్లాంజి మీదా ఇంజన్ బాడీ మీదా కలిపి ఉలితో గీత పెట్టించండి. విప్పిన ప్రతి పైపు మూతికీ శుభ్రమైన క్యాపు పెట్టించండి, బనీను గుడ్డ కుక్కనివ్వకండి, దాని నూగు నేరుగా నాజిల్లోకి పోతుంది.