బాలింత తలనొప్పికి చెవిలో దూది మందు కాదు

"తలనొప్పికి 9 అసలు కారణాలు, డాక్టర్లు దాచే నిజాలు" అనే మెసేజ్ ఈ నెలలో నాకు బంధువుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి టెన్త్ బ్యాచ్ గ్రూపులోనూ వచ్చింది. ప్రతిచోటా కింద వరసగా దండాలు, మెచ్చుకోళ్లు. పంపినవాళ్లలో బీఫార్మసీ చదివినవాడు కూడా ఉన్నాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

వరస తప్పి ఎనిమిదో పాయింటుతో మొదలుపెడతాను. మిగతావి చాలావరకు నమ్మినా మహా అయితే నాలుగు నిమ్మకాయలు దండగ. ఇది నమ్మితే మనిషే పోవచ్చు.

"బాలింతకు తలనొప్పి వస్తే చలిగాలి సోకినట్టు. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, మంచినీళ్లు తగ్గించాలి. మూడు రోజుల్లో అదే పోతుంది" అని రాశారు. దూది పెట్టుకోండి, గుడ్డ కట్టుకోండి, ఎవరికీ నష్టం లేదు. నీళ్లు తగ్గించడం, మూడు రోజులు ఆగడం, ఈ రెండే ప్రాణం మీదికి తెచ్చేవి. కాన్పయ్యాక కొన్ని వారాలపాటు రక్తం మామూలుకంటే తొందరగా గడ్డకడుతుంది. దానికితోడు ఒంట్లో నీరు తగ్గితే, మెదడు నుంచి రక్తాన్ని తిరిగి తెచ్చే సిరల్లో గడ్డ పడొచ్చు. ముందు కనిపించేది చాలామందిలో తలనొప్పే. రోజురోజుకూ ముదురుతుంది. వాంతులు, ఫిట్స్, ఓ చెయ్యో కాలో పడిపోవడం ఆ తర్వాతి సంగతి. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని పచ్చి బాలింతకు గ్లాసుతో కొలిచి పోసే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఈ మెసేజ్ అలాంటి ఇళ్లకీ చేరుతోంది.

బాలింత తలనొప్పికి రెండో కారణం బీపీ. కడుపుతో ఉన్నన్నాళ్లూ బీపీ సరిగ్గా ఉన్నామెకు కూడా కాన్పయ్యాక ఆరు వారాల్లోపు పెరగొచ్చు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి దాని గుర్తులు. పట్టించుకోకపోతే ఫిట్స్. గుర్రపువాతం అని పాతవాళ్లు భయపడింది దీనికే. మూడోది, సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన చోట వెన్నుద్రవం కారడం వల్ల వచ్చే నొప్పి. లేచి కూర్చుంటే విపరీతంగా ఉంటుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది చాలావరకు తగ్గిపోయేదే, తగ్గకపోయినా చికిత్స ఉంది. కానీ ఈ మూడింట్లో ఏదో తేల్చాల్సింది డాక్టరు, అత్తగారో పిన్నిగారో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, అంటే ఇది ఎక్కడో ఒకరింటి గొడవ కాదు. బాలింతకు తలనొప్పి గట్టిగా ఉంటే ఆ రోజే బీపీ చూపించాలి. చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. డాక్టర్లు దీన్ని దాచారట! ప్రసూతి వార్డులో ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది.

ఇక మొదటి పాయింటు, "90 శాతం తలనొప్పులకు గ్యాసే కారణం". ఆ 90 ఎవరు లెక్కపెట్టారో రాయలేదు. మైగ్రేన్‌లో నొప్పితోపాటే వికారం, వాంతులు ఉంటాయి. వాంతయ్యాక కొందరికి తేలికపడుతుంది కూడా. దాంతో పైత్యం దిగిపోయిందనుకుంటాం. కడుపు తిరగడం ఆ జబ్బులో ఓ భాగం, దానికి మూలం కాదు.

రెండోది, నుదురు నొస్తే లివర్, మాడు నొస్తే కిడ్నీ అంటూ రంగుల తలకాయ బొమ్మ. బొమ్మ బాగుంది.

మూడోది సైనస్. తమకున్నది సైనస్ తలనొప్పేనని తామే అనుకునో, డాక్టరు చెబితేనో నమ్ముతున్న 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందిలో కనిపించినవి మైగ్రేన్ లక్షణాలు. ఈ ఫలితం అచ్చయింది 2004లో. ముక్కులో చుక్కలు వేసుకోవడం మాత్రం మనం ఆపలేదు.

నాలుగు, ఐదు: ఉప్పు కలిపిన నిమ్మరసం, బొటనవేలి పక్కన నొక్కుడు. తాగండి, నొక్కుకోండి.

ఆరోది చూసి నాకే తలనొప్పి వచ్చింది. "నొప్పి రాకముందే రోజూ పొద్దున్నే ఓ మాత్ర వేసుకుంటే అసలు రాదు." పారాసెటమాల్ లాంటి మామూలు మాత్ర నెలలో 15 రోజులో అంతకంటే ఎక్కువో, రెండు మూడు మందులు కలిపిన మాత్రయితే 10 రోజులో ఆపైనో, ఇలా మూడు నెలలు దాటి మింగితే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. కిరాణా కొట్లో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేవి తరచుగా ఈ రెండో రకమే. కారణాల జాబితా రాయడానికి కూర్చున్న మహానుభావుడు ఒక కారణాన్ని తీసుకొచ్చి మందుగా రాశాడు.

ఏడోది సెల్ రేడియేషన్. రాత్రి ఒంటిగంటదాకా ఫోన్ చూసేవాడికి నిద్ర లేకపోవడం చాలదా? మధ్యలో రేడియేషన్ ఎందుకు?

మిగిలింది తొమ్మిదోది. "తలంటుకుని తడి జుట్టు ముడేస్తే తలలోకి నీరు దిగి నొప్పి వస్తుంది." దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. కుదరలేదు, ఇందులో సగం నిజం. పుర్రెలోకి నీరు దిగదు, కానీ తలస్నానంతో మైగ్రేన్ రేగడం మాత్రం ఉంది. ముంబయి తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ ఇలాంటి 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో సెఫలాల్జియా అనే వైద్య పత్రికలో రాశారు. తలకు పోసుకున్నరోజు మంచం దిగలేని ఆడవాళ్లని "నీ వేషాలు" అని కసురుకునే ఇళ్లలో ఈ ఒక్క పాయింటూ చదివినా మంచిదే. మీకూ అలా ఉందేమోనన్న అనుమానముంటే తలంటుకున్న రోజులూ నొప్పి వచ్చిన రోజులూ ఓ రెండు నెలలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. డాక్టరుకి ఆ క్యాలెండర్ చూపించండి, ఈ మెసేజ్ కాదు.